రాజుగారి కునుకు, అవ్వ శోకం

నేను ఇంగ్లీషులో చచ్చిపోయాను. అదీ ఒకే సాయంత్రం రెండుసార్లు. మొదటిసారి చావకుండానే చచ్చాను. రెండోసారి ఎంత చచ్చినా ఎవరూ నమ్మలేదు. ఆ రెండు చావుల మధ్య నా ఎం.ఏ. చదువు, ఒక విశ్వవిద్యాలయం ఇంగ్లీషు శాఖ పరువు, మా శామీర్‌పేట వాడలోని ఆడవాళ్ళ గొంతులు ఎలా కలగాపులగమయ్యాయో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే చివరికొచ్చేసరికి మీకు కూడా మా అవ్వలాంటి అవ్వ కావాలనిపిస్తే మాత్రం నేనేం చెయ్యలేను. ఆమె ఒక్కతే ఉంది, ఇచ్చేది లేదు.

ముందు కాస్త నా గొప్ప చెప్పుకోనివ్వండి. మా తాత, బాపు, చిన్నాన్నలు అందరూ శామీర్‌పేట చెరువులో వల వేసి బతికినవాళ్ళే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. తొక్కి ఊరుకున్నానా? డిగ్రీ అయ్యాక పట్నంలో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషులో చేరాను. "ఏం సదువుతున్నవ్‌రా అంజీ?" అని వాడలో ఎవరడిగినా, "ఇంగ్లీష్ లిటరేచర్, లాంగ్వేజ్ అండ్ డ్రామా" అని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి. అడిగినవాళ్ళు "మంచిగ సదువు బిడ్డా" అని మెల్లగా జారుకునేవారు.

రోజూ పొద్దున్నే బస్సెక్కి, కరీంనగర్ రోడ్డు మీద జింకల పార్కు రాకముందే లావుపాటి నాటకాల పుస్తకం తెరిచేవాణ్ణి. అట్ట నలుగురికీ కనిపించేలా పట్టుకునేవాణ్ణి. చదివేవాడివా అని అడక్కండి. అట్ట అందరికీ కనిపించాలంటే పుస్తకం ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకోవాలి. ఆ భంగిమలో చేతులు నొప్పి పుడతాయి తప్ప చదువు ముందుకు సాగదు.

మా బాపు మల్లేశానికి మాత్రం ఈ చదువు మీద ఒక అనుమానం ఉండేది.

"గీ సదువుకు ఏం నౌకరొస్తదిరా?" అని ఒకరోజు అడిగాడు.

"బాపూ, నౌకరి కోసం కాదు. సాహిత్యం మనిషిని మనిషిని చేస్తది."

బాపు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మరి ఇప్పుడేమున్నవ్?" అన్నాడు.

దీనికి సమాధానం మా సిలబస్‌లో లేదు.

ఇంతలో మా మేనమామ మేడ్చల్‌లో మందు గోలీల కంపెనీలో నా గురించి మాట్లాడి వచ్చాడు. ఎం.ఏ. మొదటి సంవత్సరం అవ్వగానే చేరిపోవచ్చన్నాడు. ఇంట్లో అందరూ బాపు వైపు చూశారు. బాపు వల అల్లుతూ, తల ఎత్తకుండా తీర్పు చెప్పాడు.

"నీకేదో నాటకం పరీచ్చ ఉన్నదంటివి గద. నేనొచ్చి జూస్త. నువ్వు జేసేది నా కండ్లకు పని లెక్క గొడితే ఇంకో ఏడు సదువు. ఉత్త ఆట లెక్క గొడితే సోమారం నుంచి మామెంబడి కంపెనీకి పో."

అంటే నాటకం పేపరులో నాకు ఇద్దరు పరీక్షాధికారులు. ఒకరు బయటి రాష్ట్రం నుంచి వచ్చే పెద్ద ప్రొఫెసరమ్మ. ఆమెకు తెలుగు ముక్క రాదు. ఇంకొకరు మా బాపు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. మొదటి ఆమె ఫెయిల్ చేస్తే మళ్ళీ రాసుకోవచ్చు. బాపు దగ్గర సప్లిమెంటరీ లేదు.

ఇక నాటకం సంగతి. క్లాసంతా కలిసి ఇంగ్లీషులో రాసుకున్నదే. ఒక దీవికి ఒక రాజు. నమ్మిన మంత్రే విషం పెట్టి చంపుతుంది. రాజు చచ్చేముందు రెండు పేజీలు మాట్లాడి చస్తాడు. ఆ రాజు వేషం నాకే ఇచ్చారు. నా ప్రతిభను గుర్తించారని ఊరంతా చెప్పుకున్నాను. అసలు కారణం ఏమిటంటే, పాత బ్యాచ్ వదిలేసి పోయిన అట్ట కిరీటం క్లాసులో నా తలకొక్కదానికే సరిపోయింది. మిగతా అందరికీ మెడదాకా జారింది.

మంత్రి వేషమూ, దర్శకత్వమూ రెండూ హర్షితవి. వాళ్ళది గోదావరి జిల్లా. వాళ్ళ నాన్నగారి ఉద్యోగం కోసం వచ్చి మచ్చ బొల్లారంలో ఒక కొత్త కాలనీలో ఉంటున్నారు. తెలివైన పిల్ల, ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. ఆ రెండో గుణం వల్లే ఈ కథ పుట్టింది.

రిహార్సల్లో ఆ చావు చేసి చూపిన రోజు, రెండు పేజీలూ గుక్క తిప్పుకోకుండా చెప్పి, గుండె పట్టుకుని, మెలికలు తిరిగి, దబ్బున పడ్డాను. చప్పట్ల కోసం ఎదురుచూశాను. ఎంతసేపటికీ రాలేదు. ఒక కన్ను తెరిచి చూస్తే సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. సైనికుడి వేషం వేసినవాడు ఆవులిస్తున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాను పడుకునే.

"ఏమనుకోకు అంజీ," అంది హర్షిత, "నువ్వలా చచ్చిపోతుంటే నాకు ఆకలేస్తోంది."

"అంటే?"

"అంటే ఏడుపు రావట్లేదు. ఇది ట్రాజెడీ కదా! ప్రేక్షకులు కదిలారా లేదా అన్నదానికే ఎక్కువ మార్కులని మేడం చెప్పారు. ఒక్కళ్ళైనా ఏడవాలి కదా. పరీక్ష రోజు ఏం చేస్తావో నాకు తెలీదు."

బుద్ధిమంతుడైతే ఏం చేస్తాడు? ఇంకాస్త సాధన చేస్తాడు. నేను అప్పటికే నాలుగు సాహిత్య సిద్ధాంతాలు చదివి ఉన్నాను కాబట్టి సాధన నా స్థాయికి తగిన పని అనిపించలేదు. ప్రేక్షకులు ఏడవాలి, అంతే కదా! ఏడిచేవాళ్ళని తెస్తే సరిపోతుందనుకున్నాను.

ఏడవడంలో మా అవ్వను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. ఇది నేను గర్వంగా చెబుతున్న మాట. మా దిక్కున ఎవరైనా పోతే ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాళ్ళ బతుకంతా పాటలా కట్టి, పేరు పెట్టి పిలుస్తూ, రాగం తీసి ఏడుస్తారు. దాన్నే శోకం తియ్యడం అంటారు. మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి ఎల్లవ్వ, శోకం తీస్తే పోయినవాడి మీద పగ ఉన్నవాడు కూడా తువ్వాలతో కళ్ళు తుడుచుకుంటాడు. దేవరయాంజాల్ దాకా చుట్టాలు ఆమె కోసం మనిషిని పంపేవాళ్ళు.

ఆ సాయంత్రం అవ్వ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. పక్కన చతికిలబడి విషయం చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, పనిమంతురాలిలా ప్రశ్నలు మొదలుపెట్టింది.

"సచ్చేది ఎవలు?"

"రాజు అవ్వా."

"ఏ ఊరి రాజు?"

"ఊరు కాదు, దీవి. సముద్రం నడుమ ఉంటది."

"అట్లయితె చేపలు తింటడు. పెండ్లాం పిల్లలున్నరా?"

"లేరు."

"తల్లి?"

"నాటకంల లేదవ్వా."

అవ్వ కత్తిపీట ఆపింది. "ఎవ్వలు లేనోనికి నేనేమని ఏడ్వాలెరా? శోకమంటె ఊకె నోరు తెరుసుడా? ఆడు ఏం తినేటోడు, ఎవలనెట్ల పిలిసేటోడు, ఎప్పుడెప్పుడు అలిగిండు, గవన్ని తెల్వకుంట ఏడుపెట్లొస్తది?"

అప్పుడు నేను నా నోటితో నేనే అన్నాను: "అయితే నన్నే తలుసుకొని ఏడువు."

చేతిలో చేప గిన్నెలో పడింది. "థూ! నీ నోట్ల మన్నువడ! బతికున్న పిల్లగాని మీద శోకం తీస్తరా ఎవలన్న?"

"అవ్వా, మీసం పెట్టుకొని కిరీటం పెట్టుకున్నంక నేను అంజిగాన్ని కాను. రాజును. చచ్చేది రాజు. నాకేం గాదు." ఇక్కడ వేషానికీ మనిషికీ ఉన్న తేడా గురించి ఆ వారమే క్లాసులో విన్న ఉపన్యాసం మొత్తం తెలుగులో దంచాను. అవ్వ ఓపిగ్గా విన్నది. చివరికి, "నువ్వు జెప్పింది ఒక్క ముక్క సమజ్ గాలే. గని నీ పరీచ్చ పాసైతదా?" అంది.

"నువ్వు ఏడుస్తే పాసైత. లేకుంటే గోలీల కంపెనీయే."

"సరె. ఇంటికొచ్చినంక దిష్టి తీపిచ్చుకోవాలె మరి. బాపుకు జెప్పకు, కొడ్తడు. ఎప్పుడు షురూ జెయ్యాల్నో అది జెప్పు. నాకు ఇంగ్లీషు రాదు."

"నేను పండుకొని కండ్లు మూస్త. గదే గుర్తు. మూసుడుతోనే అందుకో."

పాఠకులారా, ఈ మాటను ఒక్కసారి వేలు పెట్టి పట్టుకోండి. ఎందుకంటే అది చెబుతున్నప్పుడు నేను నాటకం చివర చచ్చే సంగతి ఒక్కటే ఆలోచించాను. మొదటి రంగంలోనే రాజు వేట నుంచి వచ్చి, అలసిపోయి, కాసేపు కునుకు తీస్తాడని నాకు గుర్తే రాలేదు. అందులో నాకు డైలాగు లేదు మరి. డైలాగు లేని చోట నేను ఉన్నట్టు నాకే లెక్క ఉండేది కాదు.

పరీక్ష రోజు వచ్చింది. డిపార్ట్‌మెంటు వెనకాల చెట్ల మధ్య చిన్న రాతి వేదిక, దాని ముందు కుర్చీలు. ముందు వరసలో ప్రొఫెసరమ్మ నేత చీర కట్టుకుని, ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్నుతో కూర్చుంది. ఎండ తగ్గి, గాలి చల్లబడింది. అంతా ఎంతో గంభీరంగా ఉంది. అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. చేపలు పట్నం తోలే మా ట్రాలీ ఆటో వచ్చి ఆగింది.

అవ్వ ఒక్కతే వస్తుందనుకున్నాను. ట్రాలీ వెనక తలుపు తియ్యగానే మా ఐలమ్మ పెద్దమ్మ దిగింది, ఇద్దరు చిన్నమ్మలు దిగారు, పక్కింటి పోశవ్వ దిగింది, ఆమె వెనక వాడలో సగం మంది దిగారు.

పరుగున వెళ్ళి, "ఇంతమందేందవ్వా?" అన్నాను మెల్లగా.

"ఒక్కదాన్ని ఏడుస్తె ఏం బాగుంటదిరా? అందుకునేటోళ్ళు ఉండాలె గద," అంది అవ్వ. పక్కన బాపు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, కొత్త తువ్వాల భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఆయనకు మా ఒప్పందం సంగతి తెలియదు. "పో, నీ పని నువ్వు జూస్కో," అని, వెళ్ళి చివరి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆడవాళ్ళంతా ప్రొఫెసరమ్మ వెనక వరసలో సర్దుకున్నారు. ట్రాలీని పొద్దున కడిగారట. కడిగినా దాని వాసన దానిది. ప్రొఫెసరమ్మ ఒకసారి గాలి పీల్చి, కథ దీవిలో జరుగుతుందని గుర్తొచ్చి కాబోలు, మెచ్చుకోలుగా తల ఊపింది.

నాటకం మొదలైంది. నేను కిరీటంతో, అతికించిన మీసాలతో వచ్చాను. మా వరసలో గుసగుసలు. "గదిగో మనోడు!" "మీసాలు మంచిగున్నయి." నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వేటలో అలసిపోయానని ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి, బల్లకు దుప్పటి కప్పి చేసిన పాన్పు మీద పడుకున్నాను. హాయిగా కళ్ళు మూసుకున్నాను.

"ఓ నా కొడుకోఓఓ..."

మొదట నాకు అర్థం కాలేదు. ఎక్కడో ఎవరో పోయారు పాపం, అనుకున్నాను.

"నా బంగారు కొండో... మాటైన జెప్పకపోతివి గదరో నా అంజిగో..."

పోయింది నేనే అని అప్పుడు తెలిసింది.

అవ్వ గొంతు లేచింది. ఆ గొంతు వినని వాళ్ళకు ఎలా చెప్పాలి? చెరువు అవతలి గట్టు మీద మనిషిని ఈ గట్టు నుంచి పిలవగల గొంతు అది. దాన్ని పెద్దమ్మ అందుకుంది. పెద్దమ్మ నుంచి చిన్నమ్మలు, వాళ్ళ నుంచి పోశవ్వ. ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని ఊగుతూ వరసంతా కదిలింది. అవ్వకు నేను ఇచ్చిన సరుకు నేనే కదా, అదంతా బయటికి తీసింది.

"చేపల పులుసు పెడితె ముండ్లున్నయని అలిగితివి గదరో కొడుకో..."

"కొడుకోఓఓ..." అని వరస.

"ఎనిమిదో తరగతిల ఇంగ్లీషుల ఫేలయితివి గదరో కొడుకో... ఇంటెనుక గూసోని ముక్కు జీది జీది ఏడిస్తివి గదరో కొడుకో..."

ఇంగ్లీషు శాఖ మొత్తం కూర్చుని ఉంది. నా తోటివాళ్ళు ఉన్నారు. పాఠం చెప్పే మేడం ఉంది. వాళ్ళకందరికీ తెలుగు వచ్చు. నా బతుకులో నేను దాచుకున్న ఒకే ఒక్క రహస్యం అది, దాన్ని మా అవ్వ రాగం తీసి పాడింది. నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. అది ఆమెకు ఇంకా ఎక్కువ ఊపునిచ్చింది.

ఇంతలో మంత్రిగా హర్షిత వేదిక మీదికి వచ్చింది. ఆమె డైలాగు ఇంగ్లీషులో ఇది: "హుష్, రాజుగారు నిద్రపోతున్నారు. ఎవరూ చప్పుడు చెయ్యకండి." ఆ గోలలోనే పాపం ఆ మాట పలికింది. పలికి నా మీదికి వంగి పళ్ళు కొరికింది.

"అంజీ! ఎవరు వీళ్ళంతా?"

"మా అవ్వ," అన్నాను పెదాలు కదపకుండా.

"నువ్వు చచ్చిపోయావనుకుంటున్నారు!"

"నేనే జెప్పిన, కండ్లు మూస్తె ఏడ్వమని."

"నువ్వు చచ్చేది చివర్లో కదా!"

"మర్సిపోయిన."

"దేవుడా! లే ముందు!"

"ఇప్పుడు లేస్తె వాళ్ళు జడుసుకుంటరు."

"లేవకపోతే నాటకం ఇక్కడే అయిపోతుంది!"

గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చాడు. ఎవరో అంబులెన్స్ అన్నారు. రెప్పల సందులోంచి చూశాను. మా జూనియర్ అమ్మాయిలు ఇద్దరు నిజంగానే ఏడుస్తున్నారు. ప్రొఫెసరమ్మ వెనక్కి తిరిగి కూర్చుని, పెన్ను కింద పెట్టి, నోరు తెరుచుకుని మా అవ్వనే చూస్తోంది. బాపు లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో రంగు లేదు. కుర్చీలు నెట్టుకుంటూ వేదిక వైపు నడవడం మొదలుపెట్టాడు. నేను పని చేస్తున్నానో ఆట ఆడుతున్నానో చూద్దామని వచ్చిన మనిషి, నేను ఊపిరి పీలుస్తున్నానో లేదో చూడ్డానికి వస్తున్నాడు.

ఇంకేం ఆలోచించలేదు. దిగ్గున లేచి కూర్చున్నాను.

శోకం ఆగిపోయింది. "వామ్మో, లేసె!" అని పెద్దమ్మ కెవ్వుమంది. బాపు సగం దారిలో ఆగాడు. అవ్వ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఇంతమంది నావైపే చూస్తున్నారు, నాకేమో డైలాగు లేదు. అప్పుడు నా నోటి నుంచి ఎవరూ రాయని ఇంగ్లీషు వచ్చింది.

"మంత్రీ, నాకొక కల వచ్చింది. కలలో నేను చచ్చిపోయాను. నా ఊరంతా వచ్చి నా కోసం ఏడ్చింది."

హర్షిత ఒక్క క్షణం నన్ను చూసింది. ఆ తరవాత చల్లగా, విషం పెట్టబోయే మంత్రికి తగిన గొంతుతో, ఇంగ్లీషులో జవాబిచ్చింది. "అది గాలి హోరు, ప్రభూ. మీకోసం ఏడ్చేవాళ్ళు ఎవరున్నారు?"

ఒక్కసారి చప్పట్లు మోగాయి. ప్రొఫెసరమ్మ కూడా కొట్టింది. బాపు చుట్టూ చూసి, ఇది పాడైన పని కాదని గ్రహించి, తానూ నాలుగు చప్పట్లు కొట్టి, తువ్వాల సర్దుకుని వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆ నాలుగు చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. ఇంగ్లీషులో నేను సొంతంగా పలికిన మొదటి మంచి వాక్యాలు అవే. అవి ఏ పుస్తకంలోంచీ రాలేదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! నేను హీరోగా మిగిలిపోయేవాణ్ణి. కాని ట్రాజెడీలో రాజు చావాలి కదా.

చప్పట్లు తలకెక్కిన మనిషి ఎలా చస్తాడో మీకు తెలుసా? చాలా నెమ్మదిగా చస్తాడు. చివరి రంగంలో విషం తాగి, ఆ రెండు పేజీల ప్రసంగాన్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. గుండె పట్టుకున్నాను, మోకాళ్ళ మీద కూలాను, మళ్ళీ లేచాను, స్తంభాన్ని వాటేసుకున్నాను, మెట్టు మీద పడి, అక్కణ్ణుంచి దొర్లి, మా అవ్వకు బాగా కనిపించే చోటు చూసుకుని అక్కడ పడ్డాను. చేతులు చాచి, కళ్ళు మూసుకున్నాను.

ఎదురుచూశాను.

చూస్తుంది, గుర్తు పోల్చుకుంటుంది, ఇప్పుడు అందుకుంటుంది, అనుకున్నాను. అందుకోలేదు. చెట్టు మీద కాకి అరిచింది. మెల్లగా ఒక కన్ను తెరిచాను. అవ్వ కొంగులోంచి పల్లీలు తీసి, పొట్టు ఊది, నోట్లో వేసుకుంటోంది. పక్కన పెద్దమ్మకు రెండు పెట్టింది.

దగ్గాను. చచ్చిన రాజు దగ్గాడు. అవ్వ చూసింది, పల్లీలు నమిలింది. గత్యంతరం లేక మోచేతి మీద లేచి, చివరి వాక్యం మళ్ళీ ఒకసారి దీనంగా చెప్పి, దబ్బున పడి, కళ్ళు గట్టిగా మూశాను.

అప్పుడు అవ్వ నోరు విప్పింది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదని ముందే చెప్పాను కదా.

"ఒక్కసారి మోసపోయిన, మల్ల మల్ల పోతననుకున్నవార? లేస్తవ్ తియ్, నాకెర్కనే!"

ఆ తరవాతది ట్రాజెడీ కాదు. వెనక వరసలో మొదలైన నవ్వు ముందు వరస దాకా వచ్చింది. నన్ను చంపిన మంత్రి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు పారిపోయింది. నన్ను భుజాల మీద మోసుకుపోవాల్సిన సైనికులు నవ్వు ఆపుకోలేక కూలబడ్డారు. నా శవం తనంతట తానే లేచి, కిరీటం చంకలో పెట్టుకుని, లోపలికి నడిచి వెళ్ళింది.

మీసాలు పీకేసి బయటికి వచ్చేసరికి ప్రొఫెసరమ్మ మా వాళ్ళ దగ్గరే నిలబడి, అవ్వ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఉంది. అవ్వ ఆమెకు పల్లీలు ఇచ్చింది. ఒకరి మాట ఒకరికి రాదు, అయినా ఇద్దరూ పక్కింటివాళ్ళలా ఉన్నారు. నన్ను చూడగానే ప్రొఫెసరమ్మ ఇంగ్లీషులో ఒక మాట అంది. బాపు వెంటనే నా వైపు తిరిగాడు.

"ఏమంటాంది?"

అనువాదం కూడా మా కోర్సులో ఒక పేపరే. ఉన్నదున్నట్టు చెప్పాలని నేర్పారు. గొంతు సవరించుకున్నాను.

"నువ్వు నిద్రపోతే అచ్చం చచ్చినట్టే ఉంది, మీ అవ్వ కూడా నమ్మింది. నువ్వు చస్తే మాత్రం నిద్రపోయినట్టు ఉంది, మీ అవ్వ కూడా నమ్మలేదు, అంటాంది బాపూ."

బాపు నవ్వలేదు. తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడిచినా కళ్ళు తడిగానే ఉన్నాయి. గోలీల కంపెనీ గేటు నా కళ్ళ ముందు మెల్లగా తెరుచుకుంది. ఇంతలో అవ్వ నా చొక్కా పట్టుకుని తన వైపు లాక్కుంది.

"నీ పరీచ్చ పాడుగాను," అంది చిన్నగా. "మొదాలు నువ్వు జెప్పినట్టె ఏడుద్దామని షురూ జేసిన. నువ్వు కండ్లు మూసుకొని కదలకుంట పంటివి సూడు, ఇగ ఆడికెంచి నా చేతుల లేదురా. నిజంగనే ఏడ్సిన." నా తల నిమిరి, బుగ్గలు నిమిరి, తన కణతలకు వేళ్ళు పెట్టి మెటికలు విరిచింది. నాకు అక్కడే, అందరి ముందే ఏడుపొచ్చింది. నాటకంలో ఎంత గింజుకున్నా రానిది, అప్పుడు అడక్కుండానే వచ్చింది.

బాపు ఇదంతా చూసి, మా మేనమామ చెప్పిన కంపెనీ వైపు, అంటే మేడ్చల్ ఉన్న దిక్కుగా, ఒకసారి చూశాడు. తరవాత నా వైపు చూశాడు.

"ఆ మేడం జెప్పింది కరెక్టే. నిద్ర మంచిగొచ్చింది నీకు. సావు ఇంక సక్కగ రాలె." తువ్వాల భుజాన వేసుకున్నాడు. "ఒక్క ఏడుల సగం పనే నేర్సుకున్నవు. సగం పని ఇడిసిపెట్టి ఒస్తర ఎవలన్న? ఇంకో ఏడు సదువు. సచ్చుడు కూడ మంచిగ నేర్సుకొని రా."

అలా మా ఇంట్లో చావడం నేర్చుకోవడానికి తండ్రి దీవించి పంపిన మొదటివాణ్ణి నేనే. రెండో ఏడాది బుద్ధిగా చదివాను. పుస్తకం అట్ట కిందికి దించి, లోపలి పేజీలు చదివాను. ఇప్పుడు మేడ్చల్‌లోనే ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. దారిలో ఆ గోలీల కంపెనీ గేటు కనిపిస్తుంది, మామ చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతాను. బాపు మాత్రం చెరువు గట్టు మీద కొత్తవాళ్ళు కలిస్తే, "మావోడు ఇంగ్లీషు నాటకాలు జెప్తడు," అని ఊపిరి తిప్పుకోకుండా అంటాడు. ఆ గుణం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

అవ్వ కూడా బాగానే ఉంది. కాకపోతే ఆ రోజు నుంచి నా నిద్ర మీద ఆమెకు నమ్మకం పోయింది. ఆదివారం మధ్యాహ్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో, కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. "ఉన్నవార?" అంటుంది. "ఉన్ననవ్వా," అంటాను. "గట్లయితె పండుకో," అంటుంది. ఆ తరవాత నిద్ర ఎక్కడ పడుతుంది?

అందుకే శామీర్‌పేట చెరువు సాక్షిగా, మా చేపల ట్రాలీ సాక్షిగా, తలకు సరిపోయిన ఆ అట్ట కిరీటం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ముందు ఎప్పుడైనా, ఏ భాషలోనైనా, నేను చావాల్సి వస్తే మా అవ్వకు ముందుగా చెప్పను గాక చెప్పను. చెప్పినా, మధ్యలో లేవను.